పొట్టేలుకు పిల్లలు పుట్టరన్న రిపోర్టు

ముప్పై ఏళ్ళకు పైగా మైక్రోస్కోపు ముందు తలవంచుకుని బతికాను. ఇంట్లోనూ అదే భంగిమ కాబట్టి, నా మెడనొప్పి ఎక్కడ మొదలైందో ఏ డాక్టరూ తేల్చలేకపోయాడు. నరసరావుపేటలో ఒక చిన్న పాథాలజీ ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌గా చేసి, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటుంటారు. నేను సాధించినవి చెబితే టీ చల్లారేలోపు అయిపోతాయి. పాడుచేసినవి వినాలంటే మాత్రం క్యారేజీ తెచ్చుకోవాలి. ఇది పాడుచేసిన వాటిలో పెద్దది.

మా ల్యాబులో నలుగురం. పాథాలజిస్టు మేడం, నేను, నా కింద జూనియర్ అమ్మాయి, గదులు తుడిచి గాజు సామాను కడిగే పెద్దమ్మ. మేడం మాట తక్కువ. ఆమెకు కోపం వచ్చిందనడానికి ఒకటే గుర్తు: కళ్ళద్దాలు తీసి బల్లమీద పెడతారు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. జూనియర్ అమ్మాయి నేను చెప్పింది బుద్ధిగా వినేది. విన్న తర్వాత కాగితంలో ఏముందో విడిగా చదువుకునేది. ఆ రెండో అలవాటు నాకు అప్పట్లో నచ్చేది కాదు.

గుంటూరులో పిల్లలు లేనివాళ్ళకు వైద్యం చేసే డాక్టరుగారొకాయన మాకు కేసులు పంపేవారు. వీర్య పరీక్షలో ఒక్క కణమూ కనిపించని మగవాళ్ళకు వృషణంలోంచి బియ్యపు గింజంత ముక్క తీసి పంపిస్తారు. దాన్ని మైనంలో పాతి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగువేసి చూడటం మా పని. లోపల తయారీ జరుగుతోందా, సగంలో ఆగిందా, అసలు మొదలే కాలేదా అన్నది చెప్పాలి. మామూలు రంగుతో తేలని కేసులు కొన్ని ఉంటాయి. వాటికోసం మేడం ఒక యాంటీబాడీ తెప్పించారు.

ఆ మాట మొదటిసారి విని పెద్దమ్మ చీపురు పక్కన పెట్టింది. "ఏ ఆంటీ బాడీ అబ్బాయా? పోలీసోళ్ళకి చెప్పారా?" అంది.

అసలు సంగతి ఇది. పత్తి మిల్లులో గదినిండా ఉన్న దూదిని నొక్కి బేలు కడతారు చూశారా, వీర్యకణం తయారీలో చివరి మెట్టు అలాంటిదే. తండ్రినుంచి బిడ్డకు చేరాల్సిన సరుకంతా ఆ పిసరంత తలలో పట్టేటట్టు ఒక ప్రోటీన్ నొక్కి కడుతుంది. ఆ ప్రోటీన్ కనబడిందంటే తయారీ చివరిదాకా వచ్చినట్టు. మా యాంటీబాడీ ఆ ఒక్క ప్రోటీన్‌నే వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నచోట స్లయిడు మీద గోధుమరంగు తేలుతుంది. లేకపోతే అంతా నీలం.

చిటికెనవేలంత సీసా. దాని అడుగున కొన్ని చుక్కలు. అంత చిన్న సీసాకు అంత పెద్ద కాపలాదారుణ్ణి నేను.

రోగి స్లయిడుతోపాటు ప్రతిసారీ ఇంకో స్లయిడుకు కూడా అదే యాంటీబాడీ వేయాలి. ఆ ప్రోటీన్ కచ్చితంగా ఉందని ముందే తెలిసిన ముక్క అది. దాన్ని కంట్రోలు అంటాం. అది గోధుమరంగుకు తిరిగితేనే యాంటీబాడీ బతికున్నట్టు, రోగి స్లయిడును నమ్మవచ్చు. విజయవాడలో తెలిసిన ల్యాబువాళ్ళు ఇచ్చిన కంట్రోలు ముక్క ఒకటి మా దగ్గరుండేది. కోసుకుంటూ పోగా ఎండాకాలం మొదట్లో అది అయిపోయింది. మళ్ళీ కావాలంటే ఆరోగ్యంగా ఉన్న మగవాడి వృషణం ముక్క సంపాదించాలి. పల్నాట్లో మీసం కొంచెం కత్తిరించుకోమంటేనే తగాదాకొస్తారు. ఇదెవరిని అడగను? రేపు చూద్దాంలే అనుకున్నాను. రిజిస్టరులో కంట్రోలుకు ఒక గడి ఉంటుంది. పని చేసినవాడు అందులో టిక్కు పెట్టాలి. ముక్క అయిపోయింది గానీ నా దగ్గర టిక్కులు అయిపోలేదు. చేతి అలవాటున పెట్టుకుంటూ పోయాను. అలా కంట్రోలు లేని మనిషినై మూడు రిపోర్టులు బయటికి పంపాను. మూడూ నీలమే. "పాపం" అనుకున్నాను తప్ప, "ఏంటబ్బా మూడూ" అనుకోలేదు.

నాలుగోది బొల్లాపల్లి వైపునుంచి వచ్చిన దంపతులది. అతను కంకర మిల్లులో టిప్పర్ తోలతాడు. ఆమె ఇంటి పొలంలో పత్తి పండిస్తుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. గుంటూరు డాక్టరుగారు వాళ్ళకు ముందే చెప్పారు: మా పరీక్షలో ఆ ప్రోటీన్ కనబడితే ఇంకోసారి పెద్ద ఆపరేషన్ చేసి కణాలకోసం వెతుకుతానని, కనబడకపోతే మళ్ళీ కత్తి పెట్టనని. నీలం వచ్చింది. మేడం సంతకం చేశారు. శనివారం మధ్యాహ్నం ఇద్దరూ రిపోర్టు కోసం కౌంటరు దగ్గరికొచ్చారు. జూన్ వచ్చినా వానలేదు, ఎండ నిప్పులు చెరుగుతోంది.

కవరు ఇచ్చి, "డాక్టరుగారు వివరంగా చెబుతారు" అనడం వరకే నా పని. కానీ అతను కవరు అందుకోకుండా నా మొహం వంక చూస్తున్నాడు.

"ఏమొచ్చింది సార్?"

"ఆ ప్రోటీన్ కనబడలేదు."

"లేకపోవడమేంది సార్? ఆర్నెల్లనుంచి రోజూ రెండు గుడ్లు తింటన్నా."

"నువ్వు కాసేపు ఊరుకో" అంది ఆమె.

అతను గోడకు ఆనుకుని, చెప్పుల వంక చూస్తూ, "సరే అయితే. రేపు ఆదివారం. మీ అమ్మోళ్ళింట్లో దింపొస్తా" అన్నాడు.

ఆమె నావైపు తిరిగింది. "చూడు సార్. రిపోర్టు బాగాలేకపోతే నన్ను పుట్టింటికి పంపిచ్చి ఇంకోణ్ణి చేసుకోమంటాడు. నీకన్నా పిల్లలు పుడతారంట. త్యాగం. తొమ్మిదేళ్ళు పట్టింది ఈ మనిషిని దారిలో పెట్టేసరికి. ఇప్పుడు ఇంకోణ్ణి తెచ్చుకుని మళ్ళీ బీడు కొట్టుకోవాలా నేను?"

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె కళ్ళు మాత్రం నవ్వడంలేదు. అతనికి అది మొండిపట్టు. తన మంచితనమంతా ఆ ఒక్క నిర్ణయంలో పోసి కూర్చున్నాడు. నా చేతిలోని కవరు వాళ్ళ చేతికి రావడమే ఆలస్యం, ఆదివారం సంచి సర్దేస్తాడు.

ఆమె కవరు అందుకోబోతూ ఆగింది. "మీ మందు మంచిదేనా సార్?"

"మంచిదేనమ్మా. విదేశాలనుంచి వచ్చింది. గడువు కూడా ఇంకా ఏడాది ఉంది."

"పోయినేడు మా పత్తిగింజల సంచి మీద కూడా గడువుంది. బొమ్మ కూడా ఉంది, చెట్టు కనపడకుండా దూది. తీరా చేలో పెడితే బట్టతల మీద ఎంట్రుకల్లాగా అక్కడోటి ఇక్కడోటి మొలిచింది. అప్పట్నుంచి సంచి తెచ్చిన రోజే పది గింజలు తడిగుడ్డలో చుట్టిపెడతన్నా. నాలుగో రోజు ఇప్పి చూస్తా. మొలకొస్తేనే చేలోకి, లేకపోతే సంచి కొట్టోడి మొహాన. ఈసారివి మొన్ననే చుట్టొచ్చా." ఆమె ఆగి, మామూలుగా అడిగింది. "మీరూ అట్టాగే చూసుంటార్లే. దేనిమీద పెట్టి చూశారు?"

తప్పు పట్టడానికి అడగలేదు. వంటింట్లో ఒకామె ఇంకొకామెను "ఇందులో ఏం వేశావు?" అని అడిగినట్టు అడిగింది. తనిఖీకి వచ్చినవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఇంగ్లీషులో చక్కటి జవాబుంది. రిజిస్టరు తిప్పి టిక్కు చూపించవచ్చు. ఆ రెండూ చేయలేదు. కవరు వెనక్కి లాక్కున్నాను.

"పది, పన్నెండు రోజులు ఆగండమ్మా. మళ్ళీ చేస్తాం."

అతను గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఏంది, మళ్ళీ కోస్తారా?"

"కోస్తాం. నిన్ను కాదు. నీ ముక్క మా దగ్గర ఇంకా ఉంది. అప్పటిదాకా ఈ అమ్మాయిని ఎక్కడా దింపమాక."

కవరు పట్టుకుని మేడం గదిలోకి వెళ్ళాను. కౌంటరునుంచి ఆ గదికి ఎనిమిది అడుగులు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్ళద్దాలు బల్లమీదికొచ్చాయి.

"రిజిస్టరులో టిక్కు ఉందిగా?"

"టిక్కే ఉంది మేడం."

"ఇంకా ఎన్ని?"

"ముందు మూడు వెళ్ళాయి."

"తిట్టడం తర్వాత. ముందు కంట్రోలు తెండి."

ఎక్కడినుంచి తేవాలన్నది నేను అడగలేదు. అడిగే మొహం లేదు. గుమ్మం దగ్గర జూనియర్ అమ్మాయి నిలబడి ఉంది. "సార్, సీసాతో వచ్చిన కాగితంలో ఇది గొర్రెలమీద కూడా పనిచేస్తుందని ఉంది" అంది. ఆ కాగితం మా ల్యాబులో చదివిన ఏకైక మనిషి ఆమె.

మర్నాడు ఆదివారం. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ పోసిన డబ్బా సంచిలో పెట్టుకుని మటన్ కొట్టుకు వెళ్ళాను. ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు మా వీధి వీధంతా ఉంటుంది. నా వంతు వచ్చాక ముందుకు వంగి, మెల్లగా, "పొట్టేలు బీజాలున్నాయా?" అన్నాను.

కొట్టాయన కత్తి ఆపాడు. "మీకేనా సార్?"

వరుస మొత్తం నావైపు తిరిగింది.

"నాక్కాదు. పరీక్షకు."

"ఈ వయసులో ఏం పరీచ్చ సార్?"

వెనకనుంచి ఎవరో, "పోనీయవయ్యా, సప్లిమెంటరీ రాస్తాడేమో" అన్నారు. గొంతు మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరుగారిది. తిరిగి చూడలేదు. ఇప్పటికీ ఇద్దరం ఆ సంగతి ఎత్తుకోం.

"లేతది వద్దు. బాగా ముదిరిన పొట్టేలుది కావాలి" అన్నాను. గొర్రెపిల్లలో తయారీ ఇంకా మొదలై ఉండదు, కంట్రోలుకు పనికిరాదు. ఆ మాట శాస్త్రం కోసం అన్నాను గానీ, వరుసలో ఎవరూ శాస్త్రంగా తీసుకోలేదు.

"ముదురంటే దీన్ని మించింది లేదు. నూజెండ్ల మందలోది. మందలో సగం పిల్లలు దీనియ్యే. మనుషుల్ని పొడస్తా ఉందని అమ్మేశాడు. కాసిని మిరియాలేసి వేపండి, చానా బాగా పనిచేసిద్ది."

నేను డబ్బా మూత తీసి, చిన్న ముక్కలుగా కోయించి ఫార్మలిన్‌లో వేసుకున్నాను. ఆ ఘాటుకు కొట్టాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి మసాలా ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

సోమవారం సాయంత్రం మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "కొట్టు దగ్గర ఏందో అడిగారంట" అంది.

"ల్యాబుకు."

"నేనేమన్నా అన్నానా? ల్యాబుకేలే" అంది. ఆ వారమంతా చుట్టుపక్కల ఇళ్ళలో నాకు కొత్త గౌరవం కనబడింది.

పొట్టేలు ముక్కను మైనంలో పాతి, కోసి, మా సీసాలోని యాంటీబాడీ వేసి, అన్నీ పద్ధతి ప్రకారం చేసి మేడం ముందు పెట్టాను. ఆమె చూశారు. స్లయిడు జరిపి మళ్ళీ చూశారు. ఎక్కడా గోధుమరంగు లేదు. ఆకాశమంత నీలం.

"ఈ పొట్టేలుకు పిల్లలు పుట్టరని రిపోర్టు రాయమంటారా?" అన్నారు.

"మందలో సగం దాని పిల్లలేనంట మేడం."

"అయితే తప్పు పొట్టేలుది కాదు."

తప్పెవరిదో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఎండాకాలం కరెంటు సాయంత్రం పోతే ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఫ్రిజ్ వెచ్చబడి మందు చెడిపోతుందేమోనని నాకు బెంగ. అందుకని రోజూ ఇంటికి పోయేముందు సీసాను తీసి పైన ఫ్రీజర్లో పెట్టేవాణ్ణి. రాత్రికి గడ్డకట్టేది. పొద్దున వచ్చి కింద పెట్టేవాణ్ణి. కరిగేది. మళ్ళీ సాయంత్రం గడ్డ. రెండు నెలలపైన, సెలవురోజు తప్ప, ఒక్కరోజు మానలేదు. నా శ్రద్ధ చూసి పెద్దమ్మ "కన్నబిడ్డని కూడా ఇంతగా చూడరబ్బాయా" అనేది. గడ్డకట్టించి కరిగిస్తూ ఉంటే ఆ మందు చచ్చిపోతుంది. సీసా మీద సన్నటి అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. అక్షరాలు చదివే అద్దాలు నా నెత్తిమీద ఉన్నాయి.

జూనియర్ అమ్మాయి ఏప్రిల్‌లోనే ఒకసారి, "సార్, ఫ్రీజర్లో పెట్టొద్దని కాగితంలో..." అని మొదలుపెట్టింది. "ఆ కాగితాలు చలిదేశాలవాళ్ళు రాసుకున్నవమ్మా. వాళ్ళకు రెంటచింతల ఎండ తెలుసా?" అని నేనే నోరు మూయించాను. చెడ్డపని చేసి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నేను కాపాడి కాపాడి చంపాను. దాన్ని పట్టుకోవడానికి ఉన్న ఒకే ఒక్క కాపలా కంట్రోలు స్లయిడు. దాని స్థానంలో టిక్కు కూర్చుంది.

కొత్త సీసా ఐసుపెట్టెలో హైదరాబాదునుంచి రావాలి. ఆ మధ్యలో ఒకరోజు ఫోన్ మోగింది.

"బాబాయ్, మా గింజలు మొలిచినయ్. పదికి ఎనిమిది. మీయి?"

నేను సార్‌నుంచి బాబాయ్‌నెప్పుడయ్యానో తెలియదు. "ఇంకా గుడ్డలోనే ఉన్నాయమ్మా. మీ ఆయనేమంటున్నాడు?"

"సంచి సర్దిపెట్టుకున్నాడు. నాది."

సీసా వచ్చింది. దాన్ని నేను ముట్టుకోలేదు. జూనియర్ అమ్మాయిని తీసుకోమని, కాగితం పైకి చదవమని, అది చెప్పినట్టు ఫ్రిజ్ కింది అరలో పెట్టమన్నాను. ముందు పొట్టేలు. ఈసారి వేయించిన వేరుశనగ పొట్టులాగా గోధుమరంగు గుత్తులు గుత్తులుగా తేలింది. మందలో సగం పిల్లలున్న జీవికి ఉండాల్సిన ఠీవి అది. తర్వాత టిప్పర్ డ్రైవరుది. నీలం. పక్కకు జరిపాను, నీలం. ఇంకా జరిపాను. ఒక మూల, కణాలు తయారయ్యే సన్నటి గొట్టాల్లో రెండింట్లో, చిన్న చిన్న చుక్కలు. గోధుమరంగు. నా కళ్ళను నేను నమ్మడం మానేసి అప్పటికి రెండు వారాలైంది కాబట్టి మేడంను పిలిచాను. ఆమె చూసి, "వాళ్ళను రమ్మనండి" అన్నారు.

రోగులకు స్లయిడు చూపించే ఆచారం మాకు లేదు. ఆరోజు మేడమే లేచి కుర్చీ ఇచ్చారు. ముందు అతను చూశాడు. "ఏం కనపడటంలా" అన్నాడు. తన కంటి వెంట్రుకలే చూసుకుంటున్నాడని నాకు తెలుసు, మొదట్లో అందరూ అదే చూస్తారు. "లెయ్" అని ఆమె కూర్చుంది. చాలాసేపు చూసింది.

"ఇంత చేలో ఈ రెండు చోట్లేనా?"

"రెండు చోట్లే" అన్నారు మేడం. "పిల్లలు పుడతారని ఇది హామీ కాదమ్మా. మళ్ళీ వెతకొచ్చు అని మాత్రమే."

ఆమె తల ఊపింది గానీ కన్ను తీయలేదు. నేను ఉండబట్టలేక, "తడిగుడ్డలో పదికి రెండే మొలిస్తే ఏం చేస్తావమ్మా?" అన్నాను.

"కొట్టు మార్చి తెచ్చుకుంటాం. వేరే కొట్టు లేకపోతే బీడు పెట్టుకుంటామా బాబాయ్? గుంటకు ఒకటెయ్యాల్సిన చోట నాలుగేస్తాం."

అతను గొంతు సవరించుకున్నాడు. "మరి ఆదివారం..."

"ఆదివారం కాదు, సోమవారం. గుంటూరు. ఆ సంచిలో నీ లుంగీ కూడా పెట్టు."

ఇక మిగిలినవి మూడు. వీటిని నవ్వుతూ రాయలేను. మూడింటి మైనపు ముక్కలూ మా దగ్గరే ఉన్నాయి. కొత్త సీసాతో అన్నీ మళ్ళీ చేశాం. రెండు నీలమే. మూడోది గోధుమరంగు. ఫోన్ చేస్తానని మేడం అంటే, నేనే చేస్తానన్నాను. ఆ మూడో మనిషిది క్రోసూరు దగ్గర పల్లె. మొత్తం విన్నాడు. అప్పటికే వాళ్ళ చెల్లెలి కొడుకును తెచ్చుకుని పెంచుకుంటున్నారట. వెనకనుంచి పిల్లవాడి కేక వినబడుతోంది. "ఇప్పుడీ సంగతి మా ఇంట్లోదానికి చెప్పాలంటారా?" అని అడిగాడు. చెప్పే హక్కు మీది, దాచే హక్కు మాకు లేదు అన్నాను. "చెప్తాలే సార్. వాడు నిద్రపోయినాక చెప్తా" అని పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. మేడం తర్వాత తిడతానన్న తిట్లు కూడా ఎప్పుడూ తిట్టలేదు. ఆ రెండు బాకీలూ నా మీద అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత మా రిజిస్టరులో టిక్కు పెట్టే గడి తీసేశాం. కంట్రోలు స్లయిడు చూసినవాళ్ళు ఏం రంగు కనబడిందో చేత్తో రాయాలి. రాయాలంటే చూడాలి కదా. పదవీ విరమణ రోజున జూనియర్ అమ్మాయి నాకు శాలువాతోపాటు చిన్న పెట్టె ఇచ్చింది. తెరిస్తే ఆ చచ్చిపోయిన సీసా. "ఇప్పుడు మీ ఇష్టం సార్, ఎక్కడైనా పెట్టుకోండి" అంది. మా ఇంటి ఫ్రీజర్లో పెట్టాను. ఇక దానికి వచ్చే నష్టమేమీ లేదు.

మీరు ఇప్పుడు అడగబోయేది నాకు తెలుసు. గుంటూరులో కణాలు దొరికాయా? దొరికాయి, వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి ఏమైందన్నది వాళ్ళింటి సంగతి. రోగి సంగతి ల్యాబు గోడ దాటకూడదని మీకు పాఠం చెప్పే నేనే దాటించకూడదు. ఒక్క ముక్క చెబుతాను, అది పరీక్షలో తేలింది కాదు కాబట్టి తప్పులేదు. ఆమెను ఆ ఆదివారమే కాదు, ఆ తర్వాత వచ్చిన ఏ ఆదివారమూ ఎవరూ ఎక్కడా దింపలేదు.